టెర్జో మిలెనియో: బ్యాటరీకి చోటివ్వని సూపర్ కారు

కొత్త కారును మోటారు షోలో చూపించడం ఆనవాయితీ. ఇటలీ కార్ల కంపెనీ లాంబోర్గినీ తన విద్యుత్ సూపర్ కారు కాన్సెప్టును మాత్రం 2017 నవంబరు 6న, అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం వాళ్ల సాంకేతిక సదస్సులో ఆవిష్కరించింది. దాని పేరు టెర్జో మిలెనియో. వేదిక మీదికి వచ్చింది నడిచే కారు కాదు, అసలు కారంత పరిమాణంలో చేసిన నమూనా. దాని హార్స్‌పవర్ ఎంతో, బరువెంతో, ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం పోతుందో కంపెనీ చెప్పలేదు. చెప్పినవి ముఖ్యంగా నాలుగు సంగతులు. శక్తిని దాచుకోవడానికి మామూలు బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్లు ఉంటాయి. కారు ఒళ్లే కరెంటును నిల్వ చేస్తుంది. ఆ ఒంటికి పగుళ్లు వస్తే తనంతట తానే మాన్పుకుంటుంది. మోటార్లు నాలుగు చక్రాల్లోనే ఇమిడి ఉంటాయి.

ఈ నాలుగింటి వెనకా ఉన్న పట్టుదల ఒక్కటే: బ్యాటరీ అనే పెద్ద పెట్టె కారులో ఉండకూడదు. రేపటి కార్లంటూ గీసిన బొమ్మలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా దొరుకుతాయి. నేలకు ఆనుకున్న ఒళ్లు, గాజు పైకప్పు, సన్నని వెలుగు గీతలు అన్నిటిలోనూ ఉంటాయి. ఆ కారును నడిపే శక్తి ఎక్కడ కూర్చుందో మాత్రం చాలా బొమ్మల్లో కనిపించదు. టెర్జో మిలెనియో గీతలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. అందువల్ల దాన్ని అందచందాలతో సరిపెట్టకుండా కిలోలతో, యూనిట్లతో తూచి చూడవచ్చు. ఇన్నేళ్ల తర్వాత ఆ లెక్క ఎంతవరకు తేలిందో కూడా చెప్పవచ్చు.

సూపర్ కారు ఆకారంలో డిజైనర్ వాటా ఎంతో, లోపలి యంత్రం వాటా కూడా అంతే. లాంబోర్గినీ చరిత్రలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. 1971 జెనీవా ప్రదర్శనలో చూపించిన కౌంటాచ్ నమూనాను బెర్టోనె సంస్థలో మార్చెల్లో గాండీని గీశాడు. ఇంజనీరు పావొలో స్టాంజానీ పన్నెండు సిలిండర్ల వీ12 ఇంజన్‌ను సీట్ల వెనక పొడవాటుగా పెట్టి, గేర్‌బాక్సును ఇంజన్‌కు ముందు, రెండు సీట్ల మధ్యలోకి తెచ్చాడు. దాంతో క్యాబిన్ ముందుకు జరిగింది. ముక్కు నుంచి పైకప్పు దాకా దాదాపు ఒకే వాలుగా సాగే గీత అలా సాధ్యమైంది. ఆ నమూనాకు గాలి లోపలికి పోవడానికి సన్నని చీలికలు మాత్రమే ఉండేవి. అవి ఇంజన్ వేడికి చాలలేదు. 1974లో అమ్మకానికి వచ్చేసరికి పక్కల్లో పెద్ద గాలి గుంటలు, వెనక భుజాల మీద గాలిని లోపలికి పట్టే పెట్టెల్లాంటి స్కూపులు మొలిచాయి. తర్వాత రెండు తరాల పిల్లలు గోడ మీద పోస్టర్లలో చూసి మురిసిపోయిన కౌంటాచ్ ఆ స్కూపులున్న కౌంటాచే. వాటిని తెచ్చిపెట్టింది వేడి.

విద్యుత్ కారులో ఇంజన్ ఉండదు. దానితోపాటు గేర్‌బాక్సు, పొగగొట్టాలు, పెట్రోలు ట్యాంకు కూడా పోతాయి. ఇక డిజైనర్ చేతులు విప్పినట్టేనని చాలామంది అనుకున్నారు. నిజానికి ఒక బరువు దిగితే ఇంకో బరువు ఎక్కింది. కిలో పెట్రోలులో దాదాపు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. కరెంటు బిల్లు లెక్కలో అది 12 యూనిట్లు. మంచి లిథియం అయాన్ సెల్ కిలోకి పావు యూనిట్ దాచుకోగలదు. సెల్స్‌ను పెట్టెలో అమర్చి, చల్లబరిచే గొట్టాలు, తీగలు, రక్షణ కవచం కలిపితే కిలోకి 0.15 నుంచి 0.18 యూనిట్లే మిగులుతుంది. విద్యుత్ మోటారు పెట్రోలు ఇంజన్ కంటే మూడు నాలుగు రెట్లు పొదుపుగా శక్తిని వాడుకుంటుంది, అయినా ఈ అగాధం పూడదు. క్రొయేషియాలో తయారయ్యే రిమాట్స్ నెవెరా బ్యాటరీ 120 యూనిట్లది. పై లెక్క ప్రకారం అంత ప్యాక్ 700–800 కిలోల దగ్గర తూగాలి. నెవెరా మొత్తం బరువు రెండు టన్నులు దాటిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

బరువు ఒక సమస్యయితే చోటు ఇంకో సమస్య. మామూలు విద్యుత్ కార్లలో బ్యాటరీని నేల కింద పరుపులా పరుస్తారు. ఎస్‌యూవీకి అది చక్కగా అమరుతుంది. కూర్చునే ఎత్తు పన్నెండు పదిహేను సెంటీమీటర్లు పెరిగినా అక్కడ ఎవరూ పట్టించుకోరు. సూపర్ కారు మొత్తం ఎత్తే 1.1 నుంచి 1.2 మీటర్లు. అందులో అరచేతి మందం పెంచినా మనిషి తల పైకప్పుకు తగులుతుంది, లేకపోతే కారు నిష్పత్తి చెడుతుంది. అందుకని నెవెరాలో బ్యాటరీని సీట్ల మధ్య సొరంగంలోకీ సీట్ల వెనక్కీ పంచి పెట్టారు. పినిన్‌ఫరీనా బాటిస్టాలో అది ‘టి’ ఆకారంలో కూర్చుంది. లోటస్ ఎవియా, పోర్షె 2023లో చూపించిన మిషన్ ఎక్స్ కాన్సెప్ట్ ఇంకా సూటిగా ఆలోచించాయి: పాత కార్లలో ఇంజన్ ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే, సీట్ల వెనక, బ్యాటరీ దిమ్మను నిలబెట్టాయి. తీరా చూస్తే ఈ కార్లన్నిటి ఆకారం నడుమ ఇంజన్ ఉన్న పాత సూపర్ కారుకు దగ్గరగానే ఉంది. డిజైనర్లకు ధైర్యం చాలక ఇలా జరగలేదు. బరువున్న దిమ్మను ఇరుసుల మధ్యలో, మనిషి వీపు వెనక పెట్టడమే మలుపుల్లో కారు అదుపుకు మేలని భౌతికశాస్త్రం చెబుతుంది. అది ఇనుప దిమ్మా, లిథియం దిమ్మా అన్నది దానికి లెక్కలేదు.

పై జాబితాలోని బాటిస్టాకు మన దేశంతో బంధుత్వం ఉంది. ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనాను కొనబోతున్నట్టు మహీంద్రా 2015 డిసెంబరులో ప్రకటించింది. ఆ పేరుతో విద్యుత్ కార్లు చేసే ఆటోమొబిలి పినిన్‌ఫరీనా కూడా మహీంద్రాదే. 2019లో జెనీవాలో తొలిసారి చూపించిన ఈ 1,900 హార్స్‌పవర్ కారు, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ రేసు కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు హైదరాబాద్‌కు కూడా వచ్చింది. ఆ పోటీ ప్రస్తావన కింద మళ్లీ వస్తుంది.

టెర్జో మిలెనియో ఈ దారి పట్టలేదు. దాని క్యాబిన్ బాగా ముందుకు ఉంటుంది. చక్రాల చుట్టూ, వెనక భాగంలో పెద్ద పెద్ద ఖాళీలు వదిలేశారు, వాటిలోంచి గాలి సాఫీగా పారిపోవాలని ఉద్దేశం. డిజైన్ విభాగాధిపతి మిత్యా బోర్కర్ట్ బృందం గీసిన ఆ ఖాళీలు నిజం కావాలంటే అక్కడ బ్యాటరీ గానీ మోటారు గానీ ఉండటానికి వీల్లేదు. ఆకారం మొత్తం ఎమ్‌ఐటీ ప్రయోగశాలలు చేయబోయే పని మీద ఆధారపడింది. ఒకటి రసాయనశాస్త్ర ఆచార్యుడు మిర్చా డింకాది, ఇంకొకటి మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు జాన్ హార్ట్‌ది.

సూపర్ కెపాసిటర్ సంగతి ముందు చూడాలి. బ్యాటరీలో లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ పదార్థం లోపలి నుంచి బయటికి వచ్చి, ద్రవంలో ప్రయాణించి, రెండో ఎలక్ట్రోడ్ లోపల దూరాలి. అది రసాయన చర్య, దానికి సమయం పడుతుంది, ప్రతిసారీ పదార్థం కొంచెం అరుగుతుంది. సూపర్ కెపాసిటర్‌లో అయాన్లు లోపలికి దూరవు. బొగ్గు లాంటి రంధ్రాల పదార్థం ఉపరితలానికి అంటుకుని నిలబడతాయి, పిలిస్తే వెంటనే వదిలేస్తాయి. బ్యాటరీని సన్నని కుళాయి ఉన్న పెద్ద నీళ్ల ట్యాంకు అనుకుంటే ఇది ఒక్కసారిగా కుమ్మరించగల బకెట్టు. లక్షల సార్లు నింపి ఖాళీ చేసినా పెద్దగా పాడవదు. లోపలి నిరోధం తక్కువ కాబట్టి వేడి కూడా తక్కువే. సూపర్ కారుకు కావలసిన గుణాలన్నీ ఇందులో ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి పరిమాణం. గ్రాము ఉత్తేజిత కార్బన్‌లో వెయ్యి చదరపు మీటర్లకు మించిన ఉపరితలం ఉన్నా, బజారులో దొరికే సూపర్ కెపాసిటర్ కిలోకి 5 నుంచి 10 వాట్ అవర్లకు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్) మించి దాచుకోలేదు. మంచి లిథియం సెల్‌తో పోలిస్తే ఇది పాతికో వంతు, యాభయ్యో వంతు.

కిలోకి 8 వాట్ అవర్లనుకుని లెక్క వేస్తే, 80 యూనిట్ల శక్తిని కేవలం సూపర్ కెపాసిటర్లలో దాచిన కారు ఆ ఒక్క సామానుతోనే పది టన్నులు తూగుతుంది. డింకా బృందం చూసింది ఈ కొండను తగ్గించడం ఎలాగని. లోహ అణువులనూ సేంద్రియ అణువులనూ జాలీలా అల్లిన పదార్థాలు ఉంటాయి, వాటి రంధ్రాల పరిమాణాన్ని రసాయనికంగా నిర్ణయించుకోవచ్చు. అవి సాధారణంగా కరెంటును ప్రసరించనివ్వవు. 2016లో ఈ బృందం కరెంటును ప్రసరించే అలాంటి జాలీ పదార్థంతోనే, కార్బన్ పొడి కలపకుండా, సూపర్ కెపాసిటర్ చేసి చూపించింది. 2019లో లాంబోర్గినీ, ఎమ్‌ఐటీ కలిసి ఒక పేటెంట్ తీసుకున్నాయి. ఇప్పటి సాంకేతికతతో పోలిస్తే శక్తి సాంద్రతను రెట్టింపు దాకా పెంచవచ్చని ప్రకటించాయి. రసాయనశాస్త్రంలో రెట్టింపు అంటే గొప్ప విజయమే. కారు లెక్కలో పది టన్నులు ఐదు టన్నులవుతాయి.

అలాగని సూపర్ కెపాసిటర్‌ను కొట్టిపారేయడం సరికాదు. దాన్ని ఇంధన నిల్వగా చూస్తే లెక్క తేలదు, బ్రేకుల దగ్గర శక్తిని పట్టుకునే సాధనంగా చూస్తే తేలుతుంది. 1,700 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి ఆగినప్పుడు దాని కదలికలో ఉన్న శక్తి దాదాపు 0.7 యూనిట్. దాన్ని పట్టుకోవడానికి సుమారు 90 కిలోల సూపర్ కెపాసిటర్లు చాలు. సమస్య ఆ శక్తి నాలుగైదు సెకన్లలో ఒక్కపెట్టున వచ్చిపడటం. బ్యాటరీకి అంత వేగంగా మింగడం కష్టం, సూపర్ కెపాసిటర్‌కు అది సహజం. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న పరుగెత్తిన ఫార్ములా ఈ మూడో తరం కార్లు బ్రేకింగ్‌లో 600 కిలోవాట్ల దాకా వెనక్కి తీసుకునేలా తయారయ్యాయి. వాటి మొదటి డిజైన్‌లో వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. రేసు కారులో గెలుపోటములు ఎంత శక్తి మోసుకెళ్లారన్న దాని మీదే కాదు, మలుపు మలుపుకూ ఎంత తిరిగి రాబట్టుకున్నారన్న దాని మీద కూడా ఉంటాయి. టెర్జో మిలెనియో ఆలోచనలో గట్టి భాగం ఇదే.

లాంబోర్గినీ కూడా ముందుగా ఈ భాగాన్నే రోడ్డు మీదికి తెచ్చింది. 2019 సెప్టెంబరులో వచ్చిన సియాన్‌లో 785 హార్స్‌పవర్ వీ12 ఇంజన్‌కు 34 హార్స్‌పవర్ మోటారు తోడు. దానికి శక్తినిచ్చేది క్యాబిన్‌కూ ఇంజన్‌కూ మధ్య గోడలో అమర్చిన సూపర్ కెపాసిటర్. బ్రేకు వేసిన ప్రతిసారీ నిండుతుంది, గంటకు 130 కిలోమీటర్ల వేగం దాకా మోటారును నడిపి పక్కకు తప్పుకుంటుంది. మోటారూ కెపాసిటరూ కలిపి 34 కిలోలు. టెర్జో మిలెనియో కళ్లు, అంటే ‘వై’ ఆకారపు దీపాలు కూడా సియాన్‌కే ముందు అందాయి. ఈ కూపేలు 63 మాత్రమే చేశారు.

2023లో వచ్చిన రెవుయెల్టో దగ్గరికి వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. మూడు మోటార్లు, వీ12 ఇంజన్, మొత్తం 1,015 హార్స్‌పవర్ ఉన్న ఈ కారులో సూపర్ కెపాసిటర్ లేదు. నడుమ సొరంగంలో 3.8 యూనిట్ల లిథియం అయాన్ బ్యాటరీ ఉంది. మూడు మోటార్లను ఆడించాలన్నా, ఊరిలో కొన్ని కిలోమీటర్లు పెట్రోలు తాగకుండా నడవాలన్నా సెకన్లలో అయిపోయే నిల్వ చాలదు. అదే 3.8 యూనిట్లను సూపర్ కెపాసిటర్లలో పెడితే 475 కిలోలు కావాలి. టెర్జో మిలెనియోను చూపించిన కంపెనీయే ఆరేళ్లకు లిథియం వైపు మొగ్గింది. ఇది వెనకడుగు అనడం కంటే నిజాయితీగా వేసిన లెక్క అనడం సబబు.

రెండో మాట ఇంకా పెద్దది: కారు ఒళ్లే బ్యాటరీ. కార్బన్ ఫైబర్‌కు గట్టిదనంతోపాటు విద్యుత్తును ప్రసరించే గుణం కూడా ఉంది, తగిన రకం అయితే లిథియం అయాన్లను తనలో దాచుకోగలదు కూడా. తలుపు, పైకప్పు, బానెట్ ఎలాగూ ఉండాల్సినవే. అవే కరెంటును మోస్తే బ్యాటరీ కోసం విడిగా బరువు మోయనక్కర్లేదు. ఆలోచన ఎంత చక్కగా ఉందంటే, ఇది పని చేయాలని మనసారా కోరుకోవాలనిపిస్తుంది. లాంబోర్గినీ హార్ట్ బృందంతో కార్బన్ నానో గొట్టాల మీద పని మొదలుపెట్టింది. ఈ రంగంలో బయటికి వచ్చిన అంకెల్లో స్పష్టమైనవి మాత్రం స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయానివి. లీఫ్ ఆస్ప్ నాయకత్వంలోని బృందం 2021లో చేసిన నిర్మాణ బ్యాటరీ కిలోకి 24 వాట్ అవర్లు దాచింది, గట్టిదనం 25 గిగాపాస్కల్. 2024లో అది 30 వాట్ అవర్లు, 70 గిగాపాస్కల్ అయింది. డెబ్భై అంటే దాదాపు అల్యూమినియంతో సమానం. ఒక పదార్థం రెండు పనులూ చేయాల్సి వచ్చినప్పుడు ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గడం మామూలు. ఇక్కడ రెండూ కలిసి పెరిగాయి, మూడేళ్లలో వచ్చిన అసలైన పురోగతి అదే.

ఈ అంకెను కారుకు తగిలించి చూద్దాం. పైకప్పు, తలుపులు, బానెట్, నేల పలకలు కలిపి 150 కిలోల కార్బన్ ఫైబర్ ఉందనుకుంటే, కిలోకి 30 వాట్ అవర్ల చొప్పున 4.5 యూనిట్లు దాచవచ్చు. రెవుయెల్టో బ్యాటరీ కంటే కాస్త ఎక్కువే! యూనిట్‌కు ఐదు కిలోమీటర్ల చొప్పున ఇరవై రెండు కిలోమీటర్ల ప్రయాణం. హైబ్రిడ్ కారుకు ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. పూర్తి విద్యుత్ సూపర్ కారుకు కనీసం 60 యూనిట్లు కావాలంటే మాత్రం అవే పలకలు కిలోకి 400 వాట్ అవర్లు దాచాలి. నేడు కార్లలో విడిగా వాడుతున్న మంచి సెల్స్ కూడా ఆ స్థాయిలో లేవు. ఇక గట్టిదనం కూడా తనే మోయాల్సిన పదార్థం నుంచి అంత ఆశించడం దూరపు మాట.

అంకెలకు అందని చిక్కులు ఇంకా ఉన్నాయి. బ్యాటరీని ఇన్నాళ్లూ కారు మధ్యలో, దిట్టమైన పెట్టెలో పెట్టింది దెబ్బ తగలకూడదనే. ఒంటి పలకలు ఉన్నదే దెబ్బను ముందుగా తీసుకోవడానికి. రాయి తగిలిన బానెట్‌లో, గీసుకుపోయిన తలుపులో వందల వోల్టుల విద్యుత్తు ఉంటే మెకానిక్ దాన్ని ఎలా ముట్టుకోవాలి? ప్రమాదంలో చిక్కుకున్న మనిషిని బయటికి లాగడానికి అగ్నిమాపక సిబ్బంది పైకప్పును ఎక్కడ కోయాలి? బ్యాటరీ వయసు అయిపోతే కారు ఒళ్లంతా మార్చాల్సిందేనా? వీటికి టెర్జో మిలెనియో జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ కాన్సెప్ట్ విలువ ఎన్నో రెట్లు పెరిగేది.

మూడో వాగ్దానం, పగుళ్లను మాన్పుకునే ఒళ్లు, కొంతవరకు ఈ భయం నుంచే పుట్టింది. కార్బన్ ఫైబర్ పైకి బాగానే కనిపిస్తూ లోపల పొరలు విడిపోవచ్చు. ఆ పగుళ్లను పలక తానే పసిగట్టి, లోపలి సన్నని నాళాల్లో ఉన్న రసాయనాలను అక్కడికి పంపి పూడ్చుకోవాలని ఉద్దేశం. ఇలాంటి పదార్థాల మీద పరిశోధన చాలాచోట్ల జరుగుతోంది. బరువు మోసే కారు భాగాల్లో వాడేంత నమ్మకం ఇంకా కుదరలేదు.

చక్రాల్లో మోటార్ల ఆలోచన నాలుగింటిలోనూ పాతది. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన లోనర్ విద్యుత్ బండి ముందు చక్రాల్లోనే మోటార్లు ఉన్నాయి. ఇరుసులు, డిఫరెన్షియల్ అవసరం లేదు, ఒక్కో చక్రాన్ని విడివిడిగా అదుపు చేయవచ్చు, కారు మధ్యలో చోటు మిగులుతుంది. అయినా నూట ఇరవై ఏళ్లుగా ఇది పక్కనే ఉండిపోవడానికి కారణం సస్పెన్షన్ కింద ఉండే బరువు. చక్రం బరువెక్కే కొద్దీ గతుకు దాటాక వెంటనే రోడ్డుకు అతుక్కోలేదు, టైరు పట్టు తప్పుతుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో అది ప్రాణాల మీదికి వస్తుంది. పైగా బ్రేకుల వేడి, బురద, నీరు, ప్రతి గతుకు అదురూ నేరుగా మోటారుకే తగులుతాయి. అందుకే నెవెరా, బాటిస్టా నాలుగు మోటార్లనూ ఒంటి లోపలే పెట్టుకున్నాయి.

ఈ మాట మాత్రం ఇటీవల నిజమయ్యే దారిలో పడింది. మామూలు మోటారు స్తంభంలా పొడవుగా ఉంటుంది. యాక్సియల్ ఫ్లక్స్ మోటారులో తిరిగే భాగం, నిలిచి ఉండే భాగం రెండూ బిళ్లల్లా ఎదురెదురుగా ఉంటాయి, అయస్కాంత క్షేత్రం ఇరుసు వెంట సాగుతుంది. తక్కువ మందంలో ఎక్కువ టార్క్, అంటే తిప్పే బలం వస్తుంది. 2021లో మెర్సిడెస్ కొనుక్కున్న బ్రిటన్ సంస్థ యాసా 2025లో 13.1 కిలోల మోటారుతో 550 కిలోవాట్ల గరిష్ఠ శక్తిని సాధించింది. మోటారు అంత తేలికైతే దాన్ని చక్రంలో పెట్టడం గురించి మళ్లీ మాట్లాడవచ్చు. రెనో ఇప్పటికే వెనక చక్రాల్లో మోటార్లున్న, 540 హార్స్‌పవర్ ఇచ్చే రెనో 5 టర్బో 3ఈ అనే చిన్న కారును 1,980 సంఖ్యలో చేస్తామని ప్రకటించింది.

విద్యుత్ కారుకు గాలి రంధ్రాలు అక్కర్లేదన్న అభిప్రాయం ఒకటి బాగా పాతుకుపోయింది, టెర్జో మిలెనియో నున్నని ముక్కు చూసినా అదే అనిపిస్తుంది. పెట్రోలు ఇంజన్ కంటే మోటారు, బ్యాటరీ వదిలే వేడి తక్కువన్నది నిజమే. మెగావాట్ శక్తి లాగుతున్నప్పుడు ఐదు శాతం నష్టమైనా 50 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఇంజన్ నీరు 90–100 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి 45 డిగ్రీల రెంటచింతల ఎండలో కూడా బయటి గాలి దాన్ని చల్లబరుస్తుంది. బ్యాటరీ సుఖంగా ఉండేదే 40 డిగ్రీల లోపు. ఆ ఎండలో బయటి గాలి దాన్ని చల్లబరచలేదు, ఏసీ యంత్రంతో వేడిని బలవంతంగా తోడి బయటికి పంపాలి. ఆ యంత్రానికి మళ్లీ రేడియేటరు కావాలి, దానికి మళ్లీ గాలి కావాలి. కౌంటాచ్ భుజాల మీద స్కూపులు పెట్టించిన సమస్య ఇంజన్‌తోపాటు పోలేదు.

ఖాళీలను నిజంగా వాడుకున్న కార్లు లేకపోలేదు. ఎవియా వెనక భాగంలో ఒంటిని చీల్చుకుంటూ పోయే రెండు సొరంగాలు గాలిని వెనక చక్రాల మీదుగా బయటికి పంపుతాయి. ఇంకా మౌలికంగా ఆలోచించింది బ్రిటన్‌లోని మెక్‌మర్ట్రీ. స్పియర్లింగ్ అనే ఒంటి సీటు కారుకు కింద ఫ్యాన్లు పెట్టి, నేలకూ కారుకూ మధ్య గాలిని పీల్చేసి, కదలకుండా నిలబడి ఉన్నప్పుడే 2,000 కిలోల బలంతో నేలకు నొక్కేలా చేసింది. 2022 జూన్ 26న గుడ్‌వుడ్ కొండదారిని 39.08 సెకన్లలో ఎక్కి రికార్డు బద్దలు కొట్టింది. ఆ పొట్టి, ఇరుకు ఆకారాన్ని చూసి మోజుపడేవాళ్లు తక్కువే ఉండవచ్చు. విద్యుత్ కారుకే సాధ్యమయ్యే ఆకారం ఎలా ఉంటుందో చెప్పమంటే నెవెరా కంటే, బాటిస్టా కంటే ముందు దీన్నే చూపించాలి. ఫ్యాన్‌కు ఎప్పుడు కావాలంటే అప్పుడు పూర్తి శక్తి ఇవ్వడం బ్యాటరీ వల్లే తేలికైంది, ఆ అవకాశం నుంచే దాని రూపం వచ్చింది.

లాంబోర్గినీ మాత్రం పూర్తి విద్యుత్ కారు దగ్గరికి వచ్చినప్పుడు సూపర్ కారును పక్కన పెట్టింది. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలో చూపించిన లాంజడోర్ కాన్సెప్ట్ నలుగురు కూర్చునే కారు, ఎత్తు దాదాపు మీటరున్నర. ఆ ఎత్తులోనే బ్యాటరీకి నేల కింద చోటు దొరికింది. 2028 అనుకున్న దాని రాకను 2024 డిసెంబరులో 2029కి జరిపారు. కొనేవాళ్ల మనసు కూడా ఇందుకు కారణం. నెవెరాలు 150 చేయాలనుకుంటే అన్నీ అమ్ముడుపోలేదని, అంత డబ్బు పెట్టేవాళ్లు ఇంజన్ ఉన్న కార్లనే కోరుతున్నారని నెవెరా తయారుచేసే సంస్థ వ్యవస్థాపకుడు మాటె రిమాట్స్ 2024లో స్వయంగా చెప్పాడు. ఆయన నడుపుతున్న బుగాటి అదే ఏడాది తెచ్చిన టూర్బియాన్‌లో 8.3 లీటర్ల వీ16 ఇంజన్, దానికి తోడు 25 యూనిట్ల బ్యాటరీ ఉన్నాయి.

టెర్జో మిలెనియో కోసం మొదలైన పరిశోధనలో ఇప్పటివరకు వచ్చిన విలువైన ఫలితం కారు ఆకారంలో లేదు, సూపర్ కెపాసిటర్‌లో కూడా లేదు. 2024 జనవరిలో డింకా బృందం, లాంబోర్గినీ నిధులతో, కోబాల్ట్ లేని లిథియం బ్యాటరీకి పనికొచ్చే కాథోడ్‌ను, అంటే ధన ఎలక్ట్రోడ్‌ను ప్రకటించింది. అది సేంద్రియ పదార్థం. గ్రాఫైట్‌లా పొరలు పొరలుగా పేరుకుంటుంది, అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు బలంగా ఉండటం వల్ల బ్యాటరీ ద్రవంలో కరిగిపోదు. సేంద్రియ కాథోడ్లకు ఇన్నాళ్లూ ఉన్న పెద్ద జబ్బు ఆ కరిగిపోవడమే. రెండు వేలకు పైగా ఛార్జింగులు తట్టుకుంది. కోబాల్ట్ బ్యాటరీల కంటే వేగంగా ఛార్జింగ్ కాగలదని పరిశోధకులు చెప్పారు. ముడిపదార్థాలు ఇప్పటికే పెద్ద ఎత్తున తయారయ్యే రసాయనాలు. కోబాల్ట్ బ్యాటరీలతో పోలిస్తే ఖర్చు సగానికి, మూడో వంతుకు తగ్గవచ్చని వాళ్ల అంచనా. ప్రపంచ కోబాల్ట్‌లో సగానికి మించి కాంగో గనుల నుంచే వస్తుందనీ, అక్కడి పని పరిస్థితులు ఎంత దారుణమో అనీ తెలిసినవాళ్లకు దీని బరువు అర్థమవుతుంది. ఈ పేటెంట్ లైసెన్సు లాంబోర్గినీ దగ్గర ఉంది. లిథియం స్థానంలో సోడియం, మెగ్నీషియం పెట్టి చూసే పని కూడా బృందం తలపెట్టింది. ప్రయోగశాలలోని ఈ కాథోడ్‌ను కారు ప్యాక్ స్థాయికి పెంచడం ఇంకా మిగిలి ఉంది.